ఎన్ని చెట్లని అడిగినందుకు

క్యూలో చెప్పులు పెట్టి పోవడమంటే మా వైపు రిజిస్టరు చేసుకున్నంత గట్టి. రేషన్ షాపైనా, ఆధార్ సెంటరైనా, మనిషి లేకపోయినా చెప్పులుంటే ఆ చోటు ఆ మనిషిదే. ఎవరూ కాదనరు. అందుకే ఆ రోజు నేను ట్రాక్టరు ముందు నా చెప్పుల జత విడిచి, ఒట్టి కాళ్లతో, నిశ్చింతగా టీ తాగడానికి పోయాను.

తిరిగొచ్చేసరికి చెప్పులు రోడ్డు పక్కన తుమ్మచెట్టు మొదట్లో ఉన్నాయి. నా వెనక ఉండాల్సిన ట్రాక్టరు నా ముందుంది. దాని సీటు మీద ఒకమ్మాయి కూర్చుని, ఒళ్లో పొట్లం పరుచుకుని ఇడ్లీ తింటోంది. చుడీదార్ మీద మగవాళ్ల చొక్కా, తలకు టవలు, చేతుల నిండా మామిడి సొన మరకలు.

"ఏమ్మా, ఆ చోటు నాది," అన్నాను.

"ఎవురు చెప్పినారు?"

"చెప్పులు పెట్టి పోయినా గదా."

ఆమె చెప్పుల వైపు చూసింది. తర్వాత నా కాళ్ల వైపు చూసింది. ఇడ్లీ ముక్క నమిలి మింగింది.

"లైను కదిలింది. పది బండ్లు ముందుకు పోయినాయి. హారన్ కొట్టినా, కేకేసినా. నీ చెప్పులు పలకలా. పోనీ ట్రాక్టరన్నా తోలతాయేమో అని చూసినా, అదీ లేదు. నేనేం చేసేది?"

వెనక బండి మీదున్న, పీలేరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"పక్కన పెట్టింది గూడా నేనే," అంది ఆమె. "లేకుంటే టైరు కింద పోయుండేవి. థ్యాంక్స్ చెప్పేది ఏమన్నా ఉంటే చెప్పు."

చెప్పలేదు. చెప్పులేసుకున్నాను.

జూన్ ఆఖరి వారం. చిత్తూరు రోడ్డులో జ్యూస్ ఫ్యాక్టరీ గేటు నుంచి మైలు పొడవునా తోతాపురి కాయల ట్రాక్టర్లు. టోకెను తీసుకున్నవాడు తన వంతు వచ్చేదాకా ఒకటిన్నర రోజు ఆ ఎండలో పడి ఉండాలి. ఏటా ఇదే తంతు, ఏటా ఇదే తిట్టుకోవడం.

నా పేరు ధనంజయ. మాది పాకాల. సూళ్లూరుపేట దగ్గర ఏసీలు తయారుచేసే ఒక కంపెనీలో క్వాలిటీ చెకింగ్ నా పని. మా నాయన పోయాక తోట అన్న జయచంద్ర చూసుకుంటున్నాడు. కోతల సమయానికి నేను పది రోజులు లీవు పెట్టి వస్తాను. ఈసారి అన్నకు నడుం పట్టేసింది. కాబట్టి ఆయన ట్రాక్టరు, ఆయన లుంగీ, సొన మరకలతో నల్లబడిన ఆయన చొక్కా, అన్నీ నాకే వచ్చాయి. ఆ అవతారంలో నన్ను చూసి ఎవరైనా ఏమనుకుంటారో, ఆమె కూడా అదే అనుకుంది.

మధ్యాహ్నం మూడింటికి తూర్పున మబ్బేసింది.

"ఏమప్పా డ్రైవరూ," అని ముందు నుంచి పిలిచింది. "వాన వచ్చేటట్టుంది. పట్ట కప్పలేదే?"

కోసిన కాయ మీద వాన పడితే మచ్చలొస్తాయి. మచ్చలొస్తే ఫ్యాక్టరీవాళ్లు గేటులోంచే వెనక్కి పంపేస్తారు. అది తెలిసి కూడా నేను టార్పాలిన్ పట్ట తేలేదు. పొద్దున బయల్దేరేటప్పుడు అన్న రెండుసార్లు చెప్పాడు. నేను ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టాను.

"మరిచిపోయినా," అన్నాను.

"మీ ఓనరు నిన్ను యాడ పట్టుకొచ్చినాడప్పా," అంటూ సీటు కింద నుంచి ఇంకో పట్ట లాగి నా మీదికి విసిరింది. "కట్టు బిన్నే, చినుకులు పడకముందే."

కట్టాను. ఆమె వచ్చి ఒక ముడి పట్టుకుని చూసింది. "ఇది ముడేనా? జడకు రిబ్బను కట్టినట్టుంది." అన్నీ విప్పి మళ్లీ కట్టింది. నేను పక్కన నిలబడి తాడు అందించాను. నాలుగో ముడి బిగించేటప్పటికి వాన మొదలైంది.

తన ట్రాలీ మీద కప్పిన పట్టకు వెనక వైపు కొంత మిగిలింది. దాని కొసను నా ట్రాక్టరు బానెట్టుకు కట్టింది. ఆ నాలుగడుగుల నీడలో ఇద్దరం నిలబడ్డాం. చుట్టూ వాన. మామిడి సొన వాసన, తడిసిన తారు వాసన. ఆమె తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంది. మనిషి అందంగా ఉందని పొద్దున్నే కనిపించింది గానీ, కోపంలో ఉండి ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకున్నాను.

ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి నా వైపు చాపింది. చిత్రాన్నం, పక్కన ఊరగాయ.

"తిను. పొద్దుట్నుంచి టీల మీదే ఉండావు."

తిన్నాను. బాగుంది. తింటూ, ఊరికే, మాట కలపడానికి అడిగాను.

"ఎన్ని చెట్లు?"

మా వైపు మామిడి రైతులు ఎవరు ఎవరిని కలిసినా మొదట అడిగేది ఇదే. భోంచేశారా అన్నట్టు అడుగుతాం. కానీ ఆమె చెయ్యి ఆగిపోయింది. డబ్బా నా చేతిలోంచి తీసుకుని మూత పెట్టేసింది. నోట్లో ముద్ద ఉంది కాబట్టి అదొక్కటి నాకు దక్కింది.

"నీకెందుకు?"

"ఊరికే అడిగినా."

"ఊరికే ఎవురూ అడగరు."

డబ్బాను ట్రాలీ అంచు మీద పెట్టింది. తర్వాత ఆమె నా వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది. పరిచయం లేని డ్రైవరుతో చెప్పుకుంటే పోయేదేమీ లేదనుకుందేమో.

పేరు నాగవేణి. దామలచెరువు అవతల వాళ్ల ఊరు. తల్లి లేదు. తండ్రి మునివెంకటప్ప రెండేళ్ల కింద చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచి తోట, ట్రాక్టరు, మందులు కొట్టడం, ఈ లైన్లో నిలబడటం, అన్నీ ఆమెవే.

"మా నాయనకు నేనొక్కదాన్నే. అందుకని నాకు ఇల్లటం చూస్తా ఉండారు."

ఇల్లటమంటే తెలిసిందే. మగపిల్లలు లేని ఇంటికి అల్లుడే వచ్చి ఉండిపోతాడు. కొడుకులా సేద్యం చేస్తాడు, కొడుకులా తలకొరివి పెడతాడు.

"ముగ్గురొచ్చినారు," అంది. "మొదటోడు కుర్చీలో కూర్చోకముందే ఎన్ని చెట్లని అడిగినాడు. రెండోవోడు హైవే ఎంత దూరమని అడిగినాడు. మూడోవోడు కాగితం పట్టుకోని తోటంతా తిరిగి నూట ఎనబై ఆరని చెప్పినాడు. కరెక్టే, నూట ఎనబై ఆరే. పోయేటప్పుడు నన్ను మాత్రం 'వస్తా నాగమణీ' అన్నాడు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆమే నవ్వింది, కానీ ఎక్కువసేపు నవ్వలేదు.

"ముగ్గురికీ చెట్లు కొట్టేసి ప్లాట్లేసే ఆలోచనే. అందుకే ఆ మాట వింటే నాకు కడుపు మండతాది. నువ్వు డ్రైవరువి కాబట్టి సరిపోయింది."

నేను డ్రైవరును కాదని అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పబోయాను కూడా. కానీ ఆమె డబ్బా మూత మళ్లీ తీసింది. ఇంకో రెండు ముద్దలు తిన్నాక చెబుదామనుకున్నాను. మనిషి ఆశకు అంతం లేదు.

సాయంత్రం ఆమె చిన్నాయన వచ్చి బండి దగ్గర కాపలా ఉన్నాడు, ఆమె ఇంటికి పోయింది. మర్నాడు పొద్దున ఏడింటికల్లా తిరిగొచ్చింది. నాకు కూడా ఇడ్లీ తెచ్చింది. లైను కదిలినప్పుడల్లా వెనక్కి తిరిగి, "చెప్పులు కాదు, నువ్వు తోలు," అనేది. నేను ఒకసారి కావాలనే ఆలస్యం చేశాను, ఇంకోసారి తిరుగుతుందని. తిరిగింది. పీలేరు పెద్దాయన దగ్గి, అటు చూశాడు.

ఆ ఒక్క పూటలోనే నాకు అర్థమైపోయింది. పది రోజుల లీవు అయిపోయాక ఈ గొంతు వినపడదంటే నాకు బాగుండదు. ఇరవై ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంతవరకు ఏ గొంతు గురించీ నాకు అట్లా అనిపించలేదు.

మధ్యాహ్నానికి గేటు చేరాం. అక్కడ టోకెన్లు చూసే పరంధామయ్య మా అమ్మకు దూరపు చుట్టం. ఆయన నోటికి గేటు లేదు.

"ఏమప్పా ధనంజయా, నువ్వే తోలకొచ్చినావా? మీ కంపెనీవాళ్లు లీవు ఇచ్చినారా? మీ అమ్మ నీకు సంబంధాలు చూస్తా ఉండాదంట గదా, యాడన్నా కుదిరిందా?"

నా బతుకంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. లోపలికి పోవాల్సిన నాగవేణి బ్రేకు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"డ్రైవరు కాదా నువ్వు?"

"ట్రాక్టరు తోలినా గదా, తోలినంతసేపూ డ్రైవరే."

"సంబంధాలు చూస్తా ఉండారు. నువ్వొచ్చి ఎన్ని చెట్లని అడిగినావు. నేను మూర్ఖురాల్లాగా అన్నీ చెప్పినా."

"అది ఊరికే అడిగినా నాగవేణీ."

"ఊరికే ఎవురూ అడగరని నిన్ననే చెప్పినా," అని గేటు లోపలికి తోలుకుని వెళ్లిపోయింది. నేను కాయలు దించి బయటికి వచ్చేసరికి ఆమె లేదు. ఆమె పట్ట మాత్రం నా ట్రాలీలో ఉంది.

రెండు రోజులు ఆ పట్టను మడిచాను, విప్పాను, ఎండేశాను. మూడో రోజు అమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాను. మా అమ్మ వరదమ్మ చేటలో కందిపప్పు చెరుగుతోంది.

"అమ్మా, నేను ఒకమ్మాయిని చూసినా. మనోళ్లే. దామలచెరువు పక్క."

చేట ఆగింది. మొహం వెలిగింది. "ఎవురి పిల్ల?"

"మునివెంకటప్ప అని. ఒకతే కూతురు. ఇల్లటం పోవాల."

వెలుగు పోయింది. చేట పక్కన పెట్టింది.

"నీకేం తక్కువైందిరా? సదువు లేదా, ఉద్యోగం లేదా? గతి లేనోడు పోతాడు ఇల్లటం. రేపు బస్టాండులో ఎవురన్నా 'నీ చిన్నోడు యాడుండాడు వరదమ్మా' అంటే, అత్తగారింట్లో ట్రాక్టరు తోలతా ఉండాడని చెప్పాల్నా?"

"ట్రాక్టరు ఆమే తోలతాదిమా. నాకిచ్చేది అనుమానమే."

"నవ్వులాటగా ఉండాదా నీకు? ఆడపిల్ల ఇల్లు విడిచి పోతాది. అది లోకంలో ఉండేదే. మొగోడు పోతే మన ఇంటి ముందర నిలబడి నవ్వతారు. నేను బతికుండగా పంపించను."

అంతకంటే ఏమీ అనలేదు. అన్నం పెట్టింది, మాట్లాడలేదు. మా అమ్మ తిట్టినప్పుడు భయం లేదు. ఊరకున్నప్పుడే భయం. ఆమెను ఏడిపించి ఇల్లు దాటడం నావల్ల కాదు. నాగవేణిని వదులుకోవడమూ నావల్ల కాదు. రెంటి మధ్య ఏం చెయ్యాలో తోచక, పట్ట తీసుకుని బైకెక్కాను.

దామలచెరువు దాటాక రోడ్డు పక్కన ఒక ప్లాట్ల వెంచర్ ఉంది. ఎర్ర రాళ్లు, పసుపు రాళ్లు వరసగా పాతి ఉంటాయి. ఒకప్పుడు అది మా అమ్మ పుట్టింటి తోట. అమ్మా ఒక్కతే కూతురు. ఆమెకు పెళ్లయి పాకాల వచ్చింది, తాత పోయాడు, చూసేవాళ్లు లేక తోట అమ్మేశారు. చిత్తూరు బస్సులో మేం అటు వెళ్లేటప్పుడు అమ్మ ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చోదు. నన్ను కూర్చోమంటుంది. ఆ చోటు రాగానే తల ఇటు తిప్పి, "టికెట్టు తీసుకున్నావా?" అనో, "చిల్లర వచ్చిందా?" అనో అడుగుతుంది. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. అర్థమయ్యాక, తీసుకున్నానమ్మా అని చెప్పడం తప్ప నేనూ ఇంకేమీ అనలేదు.

నాగవేణి వాళ్ల ఇంటి ముందు మంచం మీద ఒక పెద్దాయన, పక్కన చేతికర్ర.

"పట్ట ఇచ్చిపోదామని వచ్చినా," అన్నాను.

"పట్ట కోసరం పాకాల నుంచి వచ్చినావా?" మునివెంకటప్ప నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఎవురి పిల్లోడివప్పా?" చెప్పాను. వేళ్ల మీద ఏవో చుట్టరికాలు లెక్కేసుకున్నాడు. "అయితే నాకు అల్లుడి వరసే అవతావు. ఆ యమ్మి తోటలో ఉండాది. పట్ట ఆమె చేతికే ఇయ్యి."

ఆయన నవ్వాడో లేదో మీసాల వెనక తెలియలేదు.

నాగవేణి ఎండుపుల్లలు కోసి కుప్ప వేస్తోంది. నన్ను చూసి కత్తి ఆపలేదు.

"లెక్క సరిచూసుకునేదానికి వచ్చినావా? నూట ఎనబై ఆరే. మారలా."

"లైన్లో పీలేరాయన్ను నువ్వు టీ కొట్టుకాడ ఏమడిగినావు?"

"ఏమడిగినా?"

"ఎన్ని చెట్లు పెద్దాయనా అని అడిగినావు. నేను విన్నా. ఆయన్ను పెళ్లి చేసుకుందామనా?"

కత్తి ఆగింది. పెదవి కొరుక్కుంది గానీ లాభం లేకపోయింది, నవ్వు బయటపడింది. పీలేరాయనకు డెబ్బై ఏళ్లుంటాయి.

"డ్రైవరని ఎందుకు చెప్పినావు?"

"నేను చెప్పలా, నువ్వే అన్నావు. కాదని అంటే చిత్రాన్నం పోతాదని భయపడినా. తప్పే. అదొక్కటే తప్పు, ఇంకేం దాచలా."

ఆమె కత్తి కింద పెట్టింది. చేతిలో ఉన్న పట్టను కుప్ప పక్కన పెట్టాను. ఇక చెప్పేశాను.

"ఈసారి మాత్రం ఊరికే రాలా నాగవేణీ. నువ్వంటే నాకిష్టం. నిన్ను పెళ్లి చేసుకోవాలని ఉండాది. ఇల్లటం వస్తా."

ఆమె తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకుంది.

"ఉద్యోగం?"

"రోజుకు ఎనిమిది వందల ఏసీ మూతలు చూస్తా. గీత పడిందా లేదా అని. ఇంటికి పోయినాక వాటిల్లో ఒక్కటీ గుర్తుండదు. ఏడాదికి ఈ పది రోజులే నేను పని చేసినట్టుంటాది."

"లీవులో అందరికీ తోట బాగానే ఉంటాది. పూత మీద తేనెమంచు పురుగు పడినప్పుడు రా, తెలస్తాది."

"పోయినేడు ఆ టైములో అన్నకు జ్వరం. మందు కొట్టింది నేనే. చెట్టుకు రెండు వైపులా."

"మూడు వైపులా కొట్టాల. లోపల కొమ్మలకు గూడా," అంది. గొంతు మెత్తబడింది. "నాకూ నిన్న, మొన్న పని సాగలా. కోపం వల్ల అనుకున్నా." ఆగింది. "మీ అమ్మ ఏమంటాది?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఒక అబద్ధానికే అయిన ఖర్చు చాలు.

"ఒప్పుకోలా."

నాగవేణి తల దించుకుంది. "అయితే వద్దు. మా అమ్మ పోయినప్పట్నుంచి ఈ ఇంట్లో ఏడుపు చాలు. ఇంకొక తల్లిని ఏడిపించి తెచ్చుకుంటే నేను సుఖంగా ఉండలేను." కళ్లు తుడుచుకుంది. తర్వాత ఏమనుకుందో, తలెత్తింది. "ఆమెను నేను అడిగిందెప్పుడు? ఇల్లటమంటే పిల్లోణ్ణి అడగాల్సింది మేం గదా. ఆదివారం వస్తాం. నువ్వు ఇంట్లో బుద్ధిగా కూర్చో. పిల్లోడు ముందరపడి మాట్లాడకూడదు."

ఆదివారం పదకొండింటికి మా వీధిలోకి ట్రాక్టరు వచ్చింది. నాగవేణి పట్టుచీర కట్టుకుని తోలుతోంది. ట్రాలీలో ప్లాస్టిక్ కుర్చీ మీద మునివెంకటప్ప, ఒళ్లో పళ్లూ పూలూ పెట్టిన తాంబూలం పళ్లెం. ఎదురింటి వాళ్లు, పక్కింటి వాళ్లు, ఇస్త్రీ బండి ఆయన, అందరూ బయటికి వచ్చి నిలబడ్డారు. మా అమ్మ భయపడినంతా జరిగింది, ఆమె కళ్ల ముందే.

"ట్రాక్టర్లో పెళ్లిచూపులేందిరా," అంది అమ్మ. అయినా ఇంటికి వచ్చినవాళ్లు. చెంబుతో నీళ్లిచ్చింది, చాప పరిచింది, మునివెంకటప్ప కాలుకు ఎత్తుగా ఉండే కుర్చీ తనే తెచ్చి వేసింది.

కాఫీ కలిపిన మా వదిన పళ్లెం నా చేతిలో పెట్టింది. "మరిదీ, ఈ రోజు చూసేది నిన్ను. నువ్వే తీసకపో." నడుం నొప్పితో పడుకున్న అన్న దిండులో మొహం పెట్టి నవ్వుతున్నాడు. నేను తీసుకుపోయాను. గడప దాటేసరికి కాఫీ సగం పళ్లెంలోకి వచ్చింది. ఆడపిల్లలు ఇన్నేళ్లుగా ఈ పని ఎట్లా చేస్తున్నారో.

నాగవేణి గ్లాసు తీసుకుని నన్ను ఎగాదిగా చూసింది. "పిల్లోడు బాగానే ఉండాడు. పాట వచ్చునా?"

వదిన నవ్వింది. అమ్మ నవ్వలేదు.

"అన్నా," అంది మునివెంకటప్పతో. "మీరు పెద్దోళ్లు, ఇంత దూరం వచ్చినారు. మిమ్మల్ని చిన్న చెయ్యాలని కాదు. కానీ మావాణ్ణి ఇల్లటానికి పంపేంత గతిలేనోళ్లం కాదు." తర్వాత నాగవేణి వైపు తిరిగింది. "నువ్వు నచ్చినావు తల్లీ. నువ్వే ఈడికి రారాదా? మీ నాయన్ను గూడా తోడుకోని రా. ఈ ఇంట్లో ఆయనకు కొదవ ఉండదు. నేను చూసుకుంటా."

అమ్మ ఆ మాట మనసారా అంది. అది మాకందరికీ తెలిసింది. నాగవేణికీ తెలిసింది. అందుకే ఆమె గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, మెత్తగా జవాబు చెప్పింది.

"నాయన్ను తోడుకొస్తానత్తా. చెట్లను ఎట్ల తోడుకొచ్చేది?"

దిండులోంచి అన్న తలెత్తాడు. నాగవేణి ఆగలేదు.

"నేనిట్ల వచ్చేస్తే రెండేండ్లు కౌలుకిస్తాం. తర్వాత అమ్ముతాం. తర్వాత రాళ్లు పాతతారు. ఎప్పుడన్నా ఆ పక్క బస్సులో పోవాల్సొస్తే నేను అటు చూడలేనత్తా. జన్మలో చూడలేను. మీ కొడుకును మీకు కాకుండా చేసుకోవాలని రాలా. నాకు ఇంకో దారి లేక అడగతా ఉండా."

అమ్మ చటుక్కున నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. నేను చెప్పలేదు. బస్సు సంగతి నేను ఎవరికీ, ఎప్పుడూ చెప్పలేదు. అది అమ్మకు తెలుసు.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. చేతులకు తడి ఏమీ లేదు. అయినా తుడుచుకుంటూనే ఉంది. చివరికి తలెత్తి అడిగింది.

"ఎన్ని చెట్లు?"

నాగవేణి మొహం బిగుసుకుపోయింది. గ్లాసు కింద పెట్టేసింది. మునివెంకటప్ప గొంతు సవరించుకుని, "నూట ఎనబై..." అనబోయాడు.

"అదంతా ఎందుకన్నా," అంది అమ్మ. "వాటిల్లో నీలం ఉండాదా?"

నీలం కాయ జ్యూస్ ఫ్యాక్టరీకి పోదు. అన్ని కాయలూ అయిపోయాక, ఇంట్లోవాళ్లు తినడానికి పండుతుంది.

"రెండుండాయత్తా," అంది నాగవేణి నెమ్మదిగా. "బావి తట్టు. ఇంగో నెలకు పండతాయి."

"మా నాయన తోటలో ఒకటుండె. అదీ బావి తట్టే." అమ్మ గొంతు మామూలుగానే ఉంది, కళ్లు మాత్రం నిండిపోయాయి. "నన్నిచ్చేటప్పుడు వీళ్ల నాయన్ను ఇల్లటం పంపమని మా నాయన మా మామను అడిగినాడు. అందరూ నవ్వినారు. మా నాయన ఇంగేం మాట్లాడలా. నేనూ మాట్లాడలా. ఒక్క మాట అడిగిందాన్ని కాదు."

మునివెంకటప్ప తల దించుకున్నాడు. బయట వీధిలో ఎవరో ఏదో అని నవ్వారు. అమ్మ ఆ వైపు చూడనైనా చూడలేదు.

"తీసకపో వీణ్ణి," అంది. "పట్ట కప్పడం గూడా రాదు, నేర్పించుకో. నీలం పండినప్పుడు నేనూ వస్తా. రానిస్తావా?"

నాగవేణి లేచి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. రెండు చేతులూ పట్టుకుంది. ఏదో చెప్పబోయి ఏడ్చేసింది.

"రానిచ్చేదేందత్తా. నేనే వచ్చి తీసకపోతా. ట్రాక్టర్లో."

"ట్రాక్టరు వద్దులే," అంది అమ్మ. "బస్సులో వస్తా. కిటికీ పక్కన కూర్చోని వస్తా."

ఆ తర్వాత తాంబూలాలు మార్చుకున్నారు. వదిన పాయసం చేసింది. ముహూర్తం ఆషాఢం పోయాక చూద్దామని మునివెంకటప్ప, అంతదాకా కంపెనీలో నోటీసు పీరియడ్ అయిపోతుందని అన్న, వాళ్లు మాట్లాడుకుంటూ ఉండగా నేను మెల్లగా బయటికి జారుకున్నాను.

కాసేపటికి నాగవేణి వచ్చి, తండ్రిని ట్రాలీలో కుర్చీ మీద కూర్చోబెట్టి, ట్రాక్టరెక్కింది. తాళం తిప్పబోయి ఆగింది. ముందు టైర్ల దగ్గర, సరిగ్గా మధ్యలో, నా చెప్పుల జత ఉంది.

"ఏందివి?"

"చోటు పట్టుకున్నా," అన్నాను, ఒట్టి కాళ్లతో గడప మీద నిలబడి.

ఆమె కిందికి దిగింది. చెప్పులు చేత్తో తీసి, దుమ్ము దులిపి, సీటు కింద పట్ట పెట్టే చోట పెట్టుకుంది.

"ఆషాఢం పోయినాక వచ్చి తీసుకో," అని బండి తోలుకుని వెళ్లిపోయింది.

నాకున్నది అదొక్క జతే. సాయంత్రం అన్న చెప్పులేసుకుని తిరుపతి పోయి సూళ్లూరుపేట రైలెక్కాను.